అమ్మ రికార్డు మీద గీత

గురువారం పొద్దున పదిన్నరకి, టైలరు షాపు పైనున్న రెండు గదుల ఆఫీసులోకి ఒక పెద్దమనిషి మెట్లెక్కి వచ్చాడు. తువ్వాలు చుట్టిన పలకలాంటి వస్తువేదో రెండు చేతుల మీద పెట్టుకుని, పురిటి బిడ్డని మోస్తున్నంత జాగ్రత్తగా నడుస్తున్నాడు. మొహం మాత్రం కోపంతో కందగడ్డయి ఉంది.

"డిటెక్టివ్ మీరేనా?" అని గుమ్మం దగ్గరే అడిగాడు.

"నేను కాదండీ, మేడమ్ లోపలున్నారు. నేను ఆవిడ అసిస్టెంటుని" అన్నాడు ప్రూఫు.

ప్రూఫు అతని పేరు కాదు. ఇరవై రెండేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. అచ్చాఫీసు మూతపడ్డాక ఉద్యోగం పోయింది కానీ పిలుపు పోలేదు. డిటెక్టివ్ పక్కన ప్రూఫు లేకపోతే ఎలా అని వచ్చిన ప్రతివాళ్ళూ అదే జోకు వేస్తారు, అతనూ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వుతాడు. అతను నిజంగా మెచ్చుకునే మనిషి ఈ లోకంలో ఒక్కరే. ఆవిడ లోపలి గదిలో, ఎప్పుడు తిరుగుతుందో ఎప్పుడు ఆగుతుందో తెలియని ఫ్యాను కింద కూర్చుని ఉంది. ప్రభుత్వంలో పాతికేళ్ళు భూములు కొలిచి, హద్దు తగాదాల్లో రెండు పక్షాల అబద్ధాలూ విని విని, చివరికి ఉద్యోగం మానేసి ఈ పని పెట్టుకుంది. అందరూ సర్వేయరమ్మ అంటారు.

వచ్చినాయన రిటైరైన పంటి డాక్టరు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేరం చేసిందెవరో నాకు తెలుసు. మీరు కనిపెట్టాల్సిందేం లేదు. నాకు ఋజువు కావాలి, అంతే."

"ఋజువు దొరికాక నేరస్తుడు మారిపోతే?" అంది సర్వేయరమ్మ.

"మారడు."

ఆయన తువ్వాలు విప్పాడు. పాతకాలపు రికార్డు. మధ్యనున్న కాగితం మీద సిరాతో చేత్తో రాసిన అక్షరాలు వెలిసిపోయాయి. డాక్టరు దాన్ని అంచులు పట్టుకుని కిటికీ వెలుతురుకి తిప్పాడు. నల్లటి నిగనిగల మీద, మధ్య కాగితానికి బొటనవేలెడు దూరంలో మొదలై బయటి అంచుదాకా ఒకే ఒక్క గీత. ఎక్కడా తెగకుండా, వణక్కుండా, సన్నగా వంపు తిరిగి, గాడులన్నిటికీ అడ్డంగా వెళ్ళింది.

"మా అమ్మ గొంతు ఇది" అన్నాడు డాక్టరు. అప్పటిదాకా ఉన్న దబాయింపు ఆ నాలుగు మాటల్లోనే కరిగిపోయింది. "ఒక స్టూడియో వాళ్ళు సరదాపడి తీసిచ్చారు. ఇది తప్ప ఇంకోటి లేదు. ఈ వైపు ఐదు పాటలు. ఇప్పుడు ఐదిట్లోనూ చుట్టు చుట్టుకీ టక్కు, టక్కు, టక్కు."

"ఎవరు చేశారంటారు?"

"మెకానిక్. మా టర్న్‌టేబుల్‌కి టోన్‌ఆర్మ్ మార్చడానికి వచ్చినవాడు." ఆయన ప్రూఫు వైపు తిరిగాడు. "టోన్‌ఆర్మ్ అంటే తెలుసా? ముల్లుని పట్టుకుని రికార్డు మీద నడిపించే చెయ్యి. పాతదాని మీద అమ్మ గొంతు పై స్థాయిలో కొంచెం గీరినట్టు వచ్చేది. మంచి ఆర్మ్ అయితే ఆ గీరు పోతుందన్నారు. ఏడాది వెతికి తెప్పించాను. తీరా అది వచ్చేసరికి వినడానికి ఏం మిగిలింది?"

సర్వేయరమ్మ ఒక్కొక్కటే అడిగింది. ఆయన విసుక్కుంటూనే అన్నిటికీ జవాబు చెప్పాడు. సోమవారం సాయంత్రం పాత ఆర్మ్ మీద ఆఖరిసారి రెండు వైపులా విన్నాడు. ఎక్కడా చిన్న మచ్చ లేదు. గుడ్డతో తుడిచి కవర్లో పెట్టి గదికి తాళం వేశాడు. మంగళవారం పదింటికి మెకానిక్ వచ్చాడు.

"మీరు పక్కనే ఉన్నారా?"

"పాత ఆర్మ్ విప్పేదాకా కన్నార్పలేదు. దాన్ని నా చేత్తోనే అందుకుని కాగితంలో చుట్టాను. తర్వాత ఫోనొచ్చింది. గంటసేపు వదల్లేదు. ఆ గంటా వాడొక్కడే ఉన్నాడు ఆ గదిలో, కొత్త ఆర్మ్‌తో, మా అమ్మ రికార్డుతో! పరీక్షకని మా అమ్మ రికార్డే పెట్టుంటాడు. చెయ్యి జారుంటుంది. మాట్లాడకుండా కవర్లో దోపేసి పోయాడు. సాయంత్రం ఐదింటికి నేను తీస్తే ఇదీ సంగతి."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"మా అక్క. పై వాటాలో వయొలిన్ మాస్టారు అద్దెకుంటాడు. వాళ్ళ సంగతెందుకు? బుధవారమే మా రికార్డుల సంఘంలో అందరికీ చెప్పేశాను, వాడి చేతికి మెషీన్లు ఇవ్వొద్దని. వాడు పైగా నా మీద కేసు పెడతానంటున్నాడు. అందుకే ఋజువు."

ఆయన వెళ్ళాక సర్వేయరమ్మ రికార్డుని బల్ల మీద పెట్టుకుని, భూతద్దం పుచ్చుకుని, చాలాసేపు ఆ గీతనే చూస్తూ కూర్చుంది. ప్రూఫు ఉండబట్టలేక అడిగాడు.

"స్క్రూడ్రైవరు జారిందంటారా?"

"స్క్రూడ్రైవరు జారితే గీత ఇంత పద్ధతిగా ఉండదు. ముల్లే గీసింది. మీకు ఇంకేం కనిపిస్తోంది?"

ప్రూఫు కళ్ళు చిట్లించి చూశాడు. అక్షరం తలకిందులుగా ఉంటే ఆమడ దూరం నుంచి పట్టుకోగలిగిన తనకి, ఈ గీత మాత్రం గీతలాగే కనిపించింది. అదే చెప్పాడు. ఆవిడ మళ్ళీ భూతద్దం మీదకి వంగింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

*

మెకానిక్ షాపుకి వెళ్ళేసరికి ఒకావిడ తన ప్లేయరుని తిరిగి కారులోకి ఎక్కించుకుంటోంది. "ఏమీ అనుకోకండి, మా ఆయన వెనక్కి తెమ్మన్నారు" అంటూ మెకానిక్ మొహంలోకి చూడకుండా తలుపు వేసుకుంది. అది ఆ రోజుకి మూడోదట.

యాభై ఏళ్ళ మనిషి. సన్నగా, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఉన్నాడు. డాక్టరు పంపించాడని తెలియగానే ముందు తలుపు చూపించాడు. సర్వేయరమ్మ కదల్లేదు.

"ఆయన పంపించిన మాట నిజమే. కానీ నేను ఆయన వకీలుని కాను. ఆ రికార్డు మీరు ముట్టుకున్నారా లేదా, అది చెప్పండి చాలు."

"ముట్టుకోలేదమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి? ఆ రికార్డు పేరెత్తితేనే ఆయనకి వణుకొస్తుంది. అలాంటిది నేనెందుకు ముట్టుకుంటాను? సెట్టింగుకి నా సొంత రికార్డు సంచీలో పెట్టుకుని వెళ్తాను. ముప్ఫై ఏళ్ళుగా అదే పద్ధతి." అతను నుదుటి మీది కళ్ళజోడు కిందకి లాక్కున్నాడు. "చెయ్యని పనిని చెయ్యలేదని ఎలా నిరూపించాలో నాకు తెలియడం లేదు."

"ఆర్మ్ మారిస్తే పాటలో తేడా ఎందుకొస్తుంది? నాకు ఓ ముక్క అర్థమయ్యేలా చెప్పండి."

పని గురించి అడిగేసరికి అతని మొహం కొంచెం తేటపడింది. కాగితంలో చుట్టిన పాత ఆర్మ్ తీశాడు. ఇంట్లో చెత్త ఎందుకని డాక్టరే పట్టుకుపొమ్మన్నాడట.

"ఇదిగో, ఇక్కడ ఇరుసు. దీని చుట్టూ ఆర్మ్ తలుపులా తిరుగుతుంది. అంటే ముల్లు రికార్డు మీద తిన్నగా పోదు, కొంచెం గుండ్రంగా పోతుంది. రికార్డు తయారుచేసేటప్పుడు మాత్రం గాడిని తిన్నగా కోస్తారు. ఆ తేడా వల్ల ముల్లు గాడిలో ఏటవాలుగా కూర్చుంటుంది, గొంతు గీరుతుంది. ఇది ఇరుసు నుంచి ముల్లుకి తొమ్మిదంగుళాలు. కొత్తది పన్నెండు. ఆర్మ్ పొడుగైతే ఆ వంపు తగ్గుతుంది, పాట శుభ్రపడుతుంది. అది పట్టడానికి కిందున్న చెక్క పీట కూడా పొడిగించి తీసుకెళ్ళాను."

"ముల్లు కూడా కొత్తదేనా?"

"కాదమ్మా, పాత ముల్లే తీసి దీనికి బిగించాను. దాని మీద కూడా ఓ గొడవ. విప్పేముందు చూస్తే ముల్లు చివర నల్లటి నలుసు వెంట్రుకలా చుట్టుకుని ఉంది. 'తుడవలేదేంటి డాక్టరు గారూ' అన్నాను. అంతే, అంతెత్తున లేచారు. నిన్న సాయంత్రమే తుడిచాను, నాకు నేర్పిస్తావా అని. నేను నోరు మూసుకుని బ్రష్షుతో దులిపేశాను."

ప్రూఫు అంతా రాసుకున్నాడు. బయటికొచ్చాక, "మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. కానీ ఆ గంటసేపూ అక్కడున్నది అతనొక్కడే కదా" అన్నాడు నీరసంగా.

"మంచివాడా కాదా అని నేనడగలేదు" అంది సర్వేయరమ్మ.

ఆఫీసుకి చేరేలోపు డాక్టరు మూడుసార్లు ఫోను చేశాడు. ఋజువు దొరికిందా? వాడు ఒప్పుకున్నాడా? ఇంకా ఎంతసేపు? నాలుగోసారి మోగేసరికి ప్రూఫుకి ఆ ఫోనుని కిటికీలోంచి టైలరు నెత్తిన పడేద్దామనిపించింది.

*

మధ్యాహ్నం డాక్టరు ఇంటికి వెళ్ళారు. పాటలు వినే గది వెనకవైపు ఉంది. కిటికీలకి మందపాటి తెరలు, గోడలకి దళసరి గుడ్డ, నడిమధ్యలో ఒకే ఒక్క కుర్చీ. టర్న్‌టేబుల్ కింద కొత్తగా అతికిన చెక్క ముక్క ఇంకా పాలిష్ వాసన కొడుతోంది. దాని మీద కొత్త ఆర్మ్ వెండి కొంగలా మెడ చాచి ఉంది.

"కూర్చోడానికి ఒక్క కుర్చీయేనా?" అంది సర్వేయరమ్మ.

"వినేవాణ్ణి ఒక్కణ్ణే కదా. ఇంకో మనిషి ఊపిరి వినిపించినా నాకు చికాకు. మంగళవారం సాయంత్రం నుంచి నేను కూడా ఈ గదిలో అడుగు పెట్టలేదు. ఏం మొహం పెట్టుకుని వస్తాను?"

ప్రూఫు గోడ గడియారం చూసి గతుక్కుమన్నాడు. మూడున్నర అనుకుంటే ఇందులో మూడూ ఐదు. తన చేతి గడియారం తప్పేమోనని హాల్లోకి వెళ్ళి చూశాడు. హాల్లోనూ మూడున్నరే.

"ఈ గడియారం వెనకపడిందండీ."

"అది పడదు. టిక్కుటిక్కు వినపడకూడదని కరెంటుతో నడిచేది పెట్టించాను. బ్యాటరీలు లేవు, కీ ఇవ్వడాలు లేవు" అని తలెత్తి చూసి, "మెకానిక్ దాన్ని కూడా పాడుచేశాడన్నమాట!" అన్నాడు డాక్టరు.

సర్వేయరమ్మ గోడ దగ్గరికెళ్ళి గడియారం తీగ చివరిదాకా చూసింది. తీగ అలమర వెనకాల ప్లగ్గులోకి వెళ్ళింది. ప్లగ్గు మీద ఎవరి చెయ్యీ పడని దుమ్ము మందంగా పేరుకుని ఉంది.

"ఈ గది తాళం ఎప్పుడూ మీ దగ్గరే ఉంటుందా?"

"ఎప్పుడూ. పొద్దున నడకకి వెళ్ళేటప్పుడు మాత్రం అలమరలో పెడతాను. ఆరున్నరకి వెళ్తాను, ఎనిమిదికి పావు తక్కువలో వస్తాను."

వయొలిన్ మాస్టారు పైనుంచి దిగొచ్చాడు. కుర్రతనం పోని నలభై ఏళ్ళ మనిషి. ఆ పాటల్ని ఒక్కసారి కాపీ చేసుకోనివ్వమని అడిగాడట, డాక్టరు మెట్ల మీదే నానా మాటలూ అన్నాడట.

"కోపం ఉంది. లేదని ఎందుకంటాను? కానీ పాట మీద కోపం చూపించేవాణ్ణి కాను. నేను పొద్దున ఆరింటికే బడికి బస్సెక్కుతానండీ, పిల్లలకి సంగీతం క్లాసు. మంగళవారం మధ్యాహ్నం దాకా అక్కడే. కావాలంటే హెడ్మాస్టరుని అడగండి."

ప్రూఫు అడిగాడు. నిజమే. ఎంతో ముచ్చటగా అల్లుకున్న అతని రెండో అనుమానం కూడా అలా చప్పబడిపోయింది.

డాక్టరు అక్క వంటింట్లో ఉంది. డెబ్బై దాటిన మనిషి. చీర కొంగు నడుముకి దోపుకుని, గిన్నెలు తుడిచి ఒకదాంట్లో ఒకటి పేరుస్తోంది. ఆ గోడకి అవతలే పాటల గది.

"పదకొండేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నానమ్మాయీ. ఆ గది ఊడవడానికి తప్ప వెళ్ళను. వాడు పక్కన నిలబడి ఊడిపిస్తాడు."

"మరి అమ్మ పాటలు వింటుంటారా?"

ఆవిడ చేతిలో గిన్నె ఆగింది. "గోడ ఉందిగా" అంది. "కుక్కర్ కూత లేనప్పుడు వినిపిస్తాయి." మళ్ళీ తనే, "ఆ మెకానిక్‌కి పని ఇవ్వడం లేదటగా అందరూ?" అని అడిగింది.

"అవునండీ. ముగ్గురు తమ ప్లేయర్లు వెనక్కి తీసుకుపోయారు" అన్నాడు ప్రూఫు.

ఆవిడ తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

గేటు దాటాక సర్వేయరమ్మ ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. బండి పక్కన గోడలోంచి తీగ లాగి, కరెంటు పెట్టెతో చొక్కాలు రుద్దుతున్నాడు ఇస్త్రీ ఆయన.

"ఈ వారంలో కరెంటు పోయిందా?"

"పోయిందా అని మెల్లగా అడుగుతారేంటమ్మా! మంగళవారం పొద్దున, ఆఫీసులకెళ్ళేవాళ్ళంతా నెత్తి మీద నిలబడ్డప్పుడు పోయింది. ఏడుంపావుకి పోతే ఎనిమిదికి ఇరవై నిమిషాలుందనగా వచ్చింది. ఆరు చొక్కాలు ముడతలతోనే వెళ్ళాయి, తిట్లు మాత్రం నాకు. వారం మొత్తానికి అదొక్కసారే."

బస్సులో ప్రూఫుకి కూర్చోడానికి చోటు దొరకలేదు, ఆలోచించడానికీ చోటు దొరకలేదు. రాసుకున్నదంతా మొదటి నుంచి చదివాడు. గడియారం, నలుసు, ఇస్త్రీ, తాళం. అన్నీ విడివిడిగా బాగానే ఉన్నాయి, ఒక్కటీ ఇంకోదానికి అతకడం లేదు. ఆవిడేమో కళ్ళు మూసుకుని, ఏదో అర్థమైనట్టు కాకుండా, ఏదో నచ్చనట్టు కూర్చుని ఉంది.

"తేలలేదా మేడమ్?"

"తేలింది. తేలాకే చిరాకుగా ఉంది" అంది సర్వేయరమ్మ.

*

శనివారం మధ్యాహ్నం మూడింటికి అందర్నీ పాటల గదికి రప్పించింది. ఆ గదిలోకి అంతమంది రావడం అదే మొదటిసారి. డాక్టరు తన కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. మెకానిక్ గుమ్మం పక్కన నిలబడ్డాడు. వయొలిన్ మాస్టారు గోడకి ఆనుకున్నాడు. అక్క వంటింటి పీట తెచ్చుకుని మూలగా కూర్చుంది.

సర్వేయరమ్మ రికార్డుని డాక్టరు ముందు పెట్టి, సంచీలోంచి రెండు అట్టముక్కలు తీసింది. రెండిటి ఒక అంచు గుండ్రంగా కత్తిరించి ఉంది.

"నా పాత వృత్తిలో వంపు కొలవడం రోజూ ఉండే పనే. మెకానిక్ గారు నాకో సంగతి చెప్పారు. ఆర్మ్ ఇరుసు చుట్టూ తిరుగుతుంది, ముల్లు గుండ్రంగా పోతుంది, ఆర్మ్ పొడుగైతే ఆ వంపు తగ్గుతుంది. ఒక మేకుకి దారం కట్టి, పెన్సిలు కట్టి, తొమ్మిదంగుళాలకి ఒక వంపు గీశాను, పన్నెండంగుళాలకి ఒకటి. డాక్టరు గారూ, మీ చెయ్యి నా చెయ్యి కంటే నిలకడ. ముందు పన్నెండంగుళాల అట్ట ఆ గీత మీద పెట్టండి."

డాక్టరు పెట్టాడు. రెండు చివర్లూ గీతకి ఆనించాడు. మధ్యలో మాత్రం అట్టకీ గీతకీ నడుమ బియ్యపుగింజ మందం ఎడం కనిపించింది. ఎన్నిసార్లు సర్దినా ఆ ఎడం పోలేదు.

"ఇప్పుడు తొమ్మిదిది."

అట్ట అంచు గీత మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అచ్చు గుద్దినట్టు కూర్చుంది. ప్రూఫుకి, గీత గీతలాగే ఉందని తను చెప్పిన మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఈ గీత గీసింది పాత ఆర్మ్. కొత్తది కాదు" అంది సర్వేయరమ్మ.

"అయితే ఏంటి?" డాక్టరు లేచాడు. "పాతది విప్పేముందు వీడే..."

"మీరు కన్నార్పలేదన్నారు. విప్పిన ఆర్మ్ నా చేత్తోనే అందుకున్నానన్నారు. అతను ఒంటరిగా ఉన్న గంటలో మెషీన్ మీద పాత ఆర్మ్ లేనేలేదు. అతను నిర్దోషి అని చెప్పింది నేను కాదు. మొదటిరోజే, మీరే చెప్పారు."

మెకానిక్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకోసాగాడు, ఎంతకీ పెట్టుకోలేదు.

"పైగా, అతను వచ్చేసరికే ముల్లు చివర నల్లటి నలుసుంది. అది దుమ్ము కాదు. రికార్డు నుంచి చెక్కుకొచ్చిన పొట్టు. అంటే సోమవారం సాయంత్రం మీరు ముల్లు తుడిచిన తర్వాత, మంగళవారం పదింటి లోపల, ఎవరో ఈ రికార్డు పెట్టుకుని విన్నారు. పాడుచెయ్యాలని కాదు, వినాలని. ఎందుకంటే గీత ఆఖరి పాట మధ్యలోంచి మొదలై బయటికి వచ్చింది. పాడుచెయ్యాలనుకున్నవాళ్ళు నాలుగు పాటలు ఓపిగ్గా విని, ఐదోదాంట్లో సగం దాకా ఆగరు."

"మరి గీత ఎలా పడింది?" అని వయొలిన్ మాస్టారు అడిగాడు.

"రికార్డు తిరుగుతుండగా ఆర్మ్ లాగితే గీత చుట్ట చుట్టుకుపోతుంది. ఇది ఆర్మ్ వంపునే అలాగే పట్టుకుని ఉంది. అంటే పాట మధ్యలో రికార్డు ఆగిపోయింది. స్విచ్చు ఆపినవాళ్ళకి ఆర్మ్ ఎత్తడం కూడా తెలిసే ఉంటుంది. ఇది దానంతటది ఆగింది. మంగళవారం పొద్దున ఏడుంపావుకి కరెంటు పోయింది, పాతిక నిమిషాలు. ఆ గడియారం వెనకపడింది కూడా పాతిక నిమిషాలే. దాని ప్లగ్గు ఎవరూ తియ్యలేదు, దుమ్ము అలాగే ఉంది. అప్పటికి మాస్టారు బడిలో ఉన్నారు. డాక్టరు గారు నడకలో ఉన్నారు. తాళం అలమరలో ఉంది."

అక్కడితో ఆవిడ ఆగిపోయింది. ఎవరి వైపూ చూడలేదు. ప్రూఫు కూడా తల దించుకున్నాడు.

"నేనే" అంది మూలనున్న పీట మీంచి అక్క.

డాక్టరు తల తిప్పడానికి చాలాసేపు పట్టింది. "అక్కా?"

"ఆదివారం అన్నం తింటూ నువ్వేమన్నావు? ఇన్నాళ్ళూ మనం విన్నది అమ్మ అసలు గొంతు కాదు, పాత ఆర్మ్ పాడుచేసిన గొంతు, మంగళవారం నుంచి అసలు గొంతు వింటానన్నావు. నాకా గీరు గొంతే అమ్మరా. చివరి రోజుల్లో అమ్మ గొంతు అలాగే ఉండేది. నువ్వప్పుడు చదువుకని హాస్టల్లో ఉన్నావు, నీకు తెలీదు. అది పోయేలోపు ఒక్కసారి గోడవతల నుంచి కాకుండా, ఎదురుగా కూర్చుని విందామనుకున్నా."

"నన్నడిగితే..."

"అడిగాను. రెండుసార్లు. చేతులు తడిగా ఉంటాయి, నీకెందుకే అక్కా అన్నావు." ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "చేతులు మూడుసార్లు తుడుచుకునే వెళ్ళాను. అంతా బాగానే ఉంది. ఐదో పాట సగంలో ఉండగా గొంతు ఉన్నట్టుండి లావైపోయింది, మూలిగినట్టు కిందకి, కిందకి దిగి ఆగిపోయింది. కరెంటు పోయిందని నాకు తట్టలేదు. అమ్మ పోయేటప్పుడు పక్కనున్నది నేనే కదా. మళ్ళీ అదే అయినట్టు... పిచ్చిదాన్లా ఆ ఆర్మ్ పట్టుకుని లాగేశాను. పైకెత్తాలని తెలియలేదు. ఊడుస్తున్నప్పుడు నువ్వు దించడం చూశాను గానీ, ఎత్తడం ఎవరు చూపించారు గనక?"

డాక్టరు ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. మెకానిక్ వైపు తిరిగింది.

"నాయనా, నా వల్ల జరిగిన తప్పు నీ నెత్తిన పడింది. ఆ సాయంత్రం వీడు అరిచిన అరుపుకి నా నోరు పెగల్లేదు. తెల్లారాక చెబుదామనుకున్నా. తెల్లారేసరికి వీడు ఊరంతా చాటింపు వేసేశాడు. అప్పుడు భయం ఇంకా పెరిగింది. పెద్దదాన్ని, నీ తిండి మీద కొట్టి ఊరుకున్నాను. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు."

మెకానిక్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మీ మీద నాకేం లేదమ్మా. మీరు ఎక్కడా నా పేరెత్తలేదు." అతను డాక్టరుని చూశాడు. "ఎత్తినవాళ్ళు ఎక్కడ ఎత్తారో అక్కడే దించాలి. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. నాకింకేం వద్దు."

"నేనొచ్చి చెబుతాను" అంది అక్క.

"నువ్వు రాకు" అన్నాడు డాక్టరు కరకుగా. ఆయన రికార్డు మీంచి అట్టముక్క తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు. "మీరు చెప్పిన ఋజువు కోసం కాదు నేను మీ దగ్గరికొచ్చింది" అన్నాడు సర్వేయరమ్మతో.

"తెలుసు. అందుకే నేరస్తుడు మారిపోతే ఏంటని మొదటిరోజే అడిగాను" అంది ఆవిడ.

*

ఆదివారం పొద్దున రికార్డుల సంఘం వాళ్ళు లైబ్రరీ మేడ మీద కలుసుకున్నారు. ఇరవై మంది దాకా వచ్చారు. సర్వేయరమ్మ, ప్రూఫు వెనక బెంచీలో కూర్చున్నారు. మెకానిక్ వస్తాడని ఎవరూ అనుకోలేదు. అతను రాగానే మాటలు ఆగిపోయాయి. పక్కనున్న కుర్చీలు ఖాళీగా ఉన్నా ఎవరూ రమ్మనలేదు. అతను నిలబడే ఉన్నాడు.

డాక్టరు లేచాడు. కాగితం మీద రాసుకొచ్చాడు. మొదటి వాక్యం చదివి, బాగాలేదన్నట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పోయిన బుధవారం ఇక్కడే నిలబడి ఒక మాటన్నాను. అది అబద్ధం. ఇతను మా అమ్మ రికార్డు ముట్టుకోలేదు. ముట్టుకోవడం నేను చూడలేదు, అయినా చూసినట్టు చెప్పాను. ఆ గీత పడింది మా ఇంట్లో మనిషి చేతిలో. ఆవిడ చెయ్యి ఎందుకు జారిందంటే, ఆ గది తలుపు పదకొండేళ్ళుగా నేను మూసి పెట్టాను కాబట్టి. ఇందులో తప్పు చేసింది ఎవరని అడిగితే..." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అడక్కపోయినా చెబుతున్నాను. నేను."

ఆయన కూర్చోలేదు. మెకానిక్ ఏమంటాడా అని చూస్తూ నిలబడ్డాడు. మెకానిక్ తల ఒక్కసారి ఆడించాడు. అది క్షమించినట్టో, లెక్క సరిపోయిందన్నట్టో ప్రూఫుకి అర్థం కాలేదు.

ముందు వరసలోంచి ఒకాయన తడబడుతూ లేచాడు. శుక్రవారం ప్లేయరు వెనక్కి తీసుకుపోయినవాడు. "నాది కింద కారులోనే ఉందండీ. ఇప్పుడే తీసుకెళ్తారా? లేకపోతే మధ్యాహ్నం షాపుకి తెమ్మంటారా?"

మెకానిక్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పేజీలు ఒక్కొక్కటే తిప్పి, నింపాదిగా చూశాడు.

"గురువారం దాకా కుదరదండీ. చేతి నిండా పని ఉంది" అన్నాడు.

ఆ పేజీలన్నీ తెల్లగా ఉండటం వెనక బెంచీలోంచి కూడా కనిపిస్తూనే ఉంది. ప్రూఫు పక్కకి తిరిగి చూశాడు. సర్వేయరమ్మ కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది.

"సరేనండీ, గురువారమే తెస్తాను" అన్నాడు ముందు వరసాయన.